పంది కణాల యంత్రం కోసం ఆగాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. చాలా ఏళ్లుగా చెన్నై అంబత్తూరులో ఉంటున్నాం. మా వారికి 49 ఏళ్లు. మద్యం అలవాటు లేదు. షుగర్ ఉంది, ఫ్యాటీ లివర్ ముదిరి సిరోసిస్ అయింది. మెల్డ్ స్కోరు 23 అని చెప్పి కాలేయ మార్పిడి జాబితాలో పేరు చేర్చారు. ఆయనది బి పాజిటివ్, నాదీ అదే. నేను ఇస్తానంటే నా కాలేయంలోనూ కొవ్వు ఉందని పక్కన పెట్టారు. మా అమ్మాయికి 22 ఏళ్లు, ఓ పాజిటివ్. తాను ఇస్తానని పట్టుబడుతోంది. పెళ్లి కావలసిన పిల్ల, వద్దంటే వద్దని మా వారు, అత్తగారు. ఇంతలో మా మరిది పంది కాలేయ కణాలతో రక్తం శుద్ధి చేసే యంత్రం గురించి మూడు వ్యాసాలు పంపాడు. కిడ్నీ రోగులు డయాలసిస్ మీద ఉన్నట్టు దాని మీద ఎన్నాళ్లయినా ఉండవచ్చంటున్నాడు. ఒక ఏజెంటు విదేశంలో ఆ యంత్రాన్ని రోగుల మీద పరీక్షించే ట్రయల్‌లో పేరు ఎక్కిస్తానని నాలుగు లక్షలు అడ్వాన్సు అడుగుతున్నాడు. పంది మాట వినగానే అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు. మేము ఆ యంత్రం కోసం ఆగవచ్చా?
- ఒక ఇల్లాలు, చెన్నై

సమాధానం:

అమ్మా, ఆగవద్దు. ఈ ఒక్క మాట ముందు చెప్పేస్తున్నాను, కారణాలు తర్వాత చదువుకోవచ్చు. బిలిరుబిన్, క్రియాటినిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ వంటి పరీక్షల అంకెలతో, జబ్బు ఎంత ముదిరిందో చెప్పే మెల్డ్ స్కోరు కడతారు. అది 20కీ 29కీ మధ్య ఉన్నవాళ్లలో మార్పిడి జరగకపోతే మూడు నెలల్లోపు ఇంచుమించు ఐదుగురిలో ఒకరు దక్కరని వైద్యుల అంచనా. అంటే మీ చేతిలో ఉన్న వ్యవధిని నెలల్లో లెక్కపెట్టుకోవాలి. ఏదో ఒక రోజు వస్తుందనుకునే యంత్రానికి ఆ లెక్కలో చోటు లేదు.

మీ మరిది పంపిన వ్యాసాలు అబద్ధాలని అనను. పాత వార్తలు. లాస్ ఏంజెలిస్‌లోని సీడార్స్ సైనాయ్ ఆసుపత్రిలో అకిలీస్ డెమెట్రియూ అనే సర్జన్, ఆయన బృందం 1990లలో అలాంటి యంత్రాన్ని తీర్చిదిద్దారు. దాని పేరు హెపాట్‌అసిస్ట్. పనిచేసే తీరు తెలిస్తే దాని హద్దులు కూడా తెలుస్తాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పెద్ద రక్తనాళంలో గొట్టం పెట్టి రోగి రక్తాన్ని బయటికి తీసి, అందులోని ప్లాస్మాను వేరు చేస్తారు. కామెర్లతో చిక్కటి పసుపు రంగుకు తిరిగిన ఆ ద్రవాన్ని మొదట బొగ్గు నింపిన గొట్టం గుండా పంపితే కొన్ని విషపదార్థాలు అక్కడే అంటుకుపోతాయి. తర్వాత దాన్ని వెచ్చబెట్టి, ఆక్సిజన్ కలిపి అసలు భాగంలోకి పంపుతారు. అక్కడ వెంట్రుకల్లా సన్నగా ఉండే బోలు దారాలు కట్టలు కట్టలుగా ఉంటాయి. దారాల లోపల ప్లాస్మా పారుతుంది, బయట చుట్టూ సుమారు 700 కోట్ల పంది కాలేయ కణాలు ఉంటాయి. దారం గోడలకు ఉన్న సూక్ష్మరంధ్రాల గుండా విషాలూ ప్రొటీన్లూ అటూ ఇటూ దాటగలవు, కణం మాత్రం దాటలేదు. చివరికి ప్లాస్మాను మళ్లీ రక్తంలో కలిపి ఒంట్లోకి పంపిస్తారు. ఒక్కో విడతకు ఆరు గంటలు.

700 కోట్లు అంటే మనకు చాలా పెద్ద అంకె. మన కాలేయంలో ఉండే కణాలు పది వేల కోట్లకు పైమాటే. పైగా శరీరం నుంచి వేరుచేసిన కాలేయ కణం మొండిది. కొద్ది రోజులు గడిచేసరికి తన పనులు ఒక్కొక్కటీ మానేస్తుంది. కొన్ని గంటల పాటు, కొద్దిపాటి సాయం చేయించుకోవడానికే ఈ ఏర్పాటంతా. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులతో పోల్చడం ఇక్కడే కుదరదు. కిడ్నీ చేసే పనిలో ఎక్కువ భాగం వడపోత, ఆ పని యంత్రానికి అప్పగించవచ్చు. కాలేయం విషాలను విరిచేయడంతో పాటు అల్బుమిన్ అనే ప్రొటీన్ తయారుచేస్తుంది, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లు తయారుచేస్తుంది, చక్కెర దాచిపెట్టి ఆకలి వేళ విడుదల చేస్తుంది, పైత్యరసం ఊరిస్తుంది. బియ్యంలో రాళ్లు ఏరినంత మాత్రాన అన్నం ఉడకదు కదా.

ఇక ఫలితాలు. అమెరికా, ఐరోపా ఆసుపత్రుల్లో 171 మంది రోగుల మీద ఈ యంత్రాన్ని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. యంత్రం పెట్టినవాళ్లలో 30 రోజుల తర్వాత 71 శాతం మంది బతికి ఉన్నారు, పెట్టనివాళ్లలో 62 శాతం. తొమ్మిది శాతం తేడా చూసి మీ మరిది సంబరపడి ఉంటాడు. ఇంత తక్కువ మందిలో అంత తేడా కాకతాళీయంగా కూడా వస్తుందని లెక్కలు కట్టినవాళ్లే చెప్పారు. కొన్ని తరగతుల రోగుల్లో మేలు కనిపించినా యంత్రానికి అనుమతి దక్కలేదు. జంతు కణాలకు బదులు మనిషి కాలేయ కణితి నుంచి పెంచిన కణాలతో ఈలాడ్ అనే ఇంకో యంత్రం వచ్చింది. మద్యం వల్ల కాలేయం దెబ్బతిన్నవాళ్ల మీద చేసిన చివరి పెద్ద పరీక్షలో అదీ 2018లో విఫలమైంది, తయారుచేసిన సంస్థ ఆ ప్రయత్నం మానుకుంది.

ఆ వ్యాసాల్లో మీ మరిది దాటేసిన వాక్యం ఒకటి ఉండే ఉంటుంది. ఆ 171 మందీ మీ వారిలాంటి రోగులు కారు. మొన్నటి దాకా నిక్షేపంగా ఉండి, హఠాత్తుగా కాలేయం కుప్పకూలినవాళ్లు, లేదా అమర్చిన కొత్త కాలేయం పనిచేయనివాళ్లు. హెపటైటిస్ ఒక్కసారిగా విజృంభించినా, పసుపు భాస్వరం కలిపిన ఎలుకల పేస్టు తిన్నా అలా అవుతుంది. పేస్టు కేసులు ఈ తమిళనాడు ఐసీయూలకు కొత్త కాదు. అలాంటివాళ్లకు కొద్ది రోజులు గండం గట్టెక్కితే చాలు, ఒక్కోసారి సొంత కాలేయమే కోలుకుంటుంది, లేదా అత్యవసర జాబితాలో దాత దొరుకుతారు. ఆ కొద్ది రోజుల కోసం పుట్టిన యంత్రం అది. మీ వారి కాలేయం ఏళ్ల మీద గట్టిపడి మచ్చకట్టింది. దానికి కొన్నాళ్లు విశ్రాంతి ఇచ్చినా తిరిగి మొలకెత్తే స్థితి లేదు.

చెన్నైలో మీకు ఎవరైనా లివర్ డయాలసిస్ అని చెబితే అది ఇది కాదని గుర్తుపెట్టుకోండి. మార్స్ అనే పద్ధతిలో అల్బుమిన్‌తో విషాలను లాగుతారు. ప్లాస్మా మార్పిడిలో రోగి ప్లాస్మా తీసేసి దాతలది ఎక్కిస్తారు. రెంటిలోనూ జంతు కణాలు లేవు. హఠాత్తుగా కాలేయం దెబ్బతిన్న 182 మంది మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ప్లాస్మా మార్పిడి పొందినవాళ్లలో సుమారు 59 శాతం మంది, పొందనివాళ్లలో 48 శాతం మంది బతికి ఇంటికి వెళ్లారు. మంచి ఫలితమే, కానీ మళ్లీ అదే రకం రోగులకు. మీ డాక్టరు ఎప్పుడైనా వీటి ప్రస్తావన తెస్తే, దీని తర్వాత ఏమిటి, మార్పిడికి దారి కనిపిస్తోందా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే సంతకం చేసే ముందు ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

పరిశోధన ఆగిపోలేదు. కణాలను వదిలి ఏకంగా పంది కాలేయాన్నే శరీరం బయట ఉంచి రక్తం ప్రవహింపజేసే పద్ధతి వచ్చింది. 2023 డిసెంబరులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వైద్యులు జన్యువులు సవరించిన పంది కాలేయాన్ని బ్రెయిన్ డెడ్ అయిన ఒక వ్యక్తికి అలా కలిపి 72 గంటలు నడిపించారు. 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని రోగుల మీద పరీక్షించడానికి అనుమతించింది. ఐసీయూలో ఉన్న, పరిస్థితి పూర్తిగా విషమించిన ఇరవై మంది దాకా మాత్రమే తీసుకుంటారు. మీ వారు ఆ స్థితికి చేరకుండా చూసుకోవడమే కదా ఇప్పుడు మన పని.

దీన్ని బట్టి ఏజెంటు సంగతి తేలిపోతోంది. నిజమైన ట్రయల్‌లో పేరు ఎక్కించేది వైద్యులు, రోగి పరిస్థితి నియమాలకు సరిపోతేనే. డబ్బు తీసుకుని పేరు ఎక్కించే దారి లేదు. మన దేశంలో అయితే 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు ఉన్నాయి. ట్రయల్‌కు నైతిక సంఘం ఆమోదం ఉండాలి, జాతీయ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఉండాలి, ట్రయల్ వల్ల హాని జరిగితే చికిత్స, పరిహారం నిర్వాహకులే భరించాలి. ఆ ఏజెంటును నమోదు సంఖ్య అడిగి చూడండి. ఈ మనిషే రేపు స్టెమ్ సెల్స్‌తో కాలేయం బాగుచేస్తామనే చోటికి కూడా తీసుకెళతానంటాడు. అనుమతించిన ట్రయల్ బయట కాలేయానికి అలాంటి వైద్యం చేయకూడదని మన జాతీయ మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. పైసా ఇవ్వకండి.

అత్తగారి విషయం. ఆ యంత్రం మీ ఇంటికి రావడం లేదు కాబట్టి ఆవిడ నిశ్చింతగా భోజనం చేయవచ్చు. అయినా ఆవిడ భయంలో శాస్త్రవేత్తలకు కూడా ఉన్న భయం ఒకటి దాగి ఉంది. పంది జన్యువుల్లోనే ఇమిడి ఉండే ఒక రకం వైరస్ మనిషి కణాలకు సోకగలదని 1997లో లండన్ పరిశోధకులు ప్రయోగశాలలో చూపారు. దాంతో గగ్గోలు పుట్టింది. అప్పటిదాకా రకరకాల చికిత్సల్లో సజీవ పంది కణజాలం తగిలిన 160 మందిని వెతికి పరీక్షిస్తే ఒక్కరికీ సోకలేదని 1999లో తేలింది. ఇక మైల, ఆచారం మాటకొస్తే, 1980ల దాకా షుగర్ రోగులు వేసుకున్న ఇన్సులిన్ పందుల నుంచి, పశువుల నుంచి తీసినదే. రక్తం గడ్డకట్టకుండా ఈనాటికీ ఆసుపత్రుల్లో వాడే హెపారిన్ చాలావరకు పంది పేగుల నుంచి వస్తుంది. అయినా తిరుమల వెళితే మనం శ్రీనివాసుడి కన్నా ముందు పుష్కరిణి గట్టున ఉన్న వరాహస్వామికే మొక్కుతాం. ఈ మాట మీరు అనకండి, కోడలి నోట బాగుండదు. కొడుకు అంటే ఆవిడ నవ్వినా నవ్వుతారు.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒకటి కనిపించింది. మీ వారి రక్తం గ్రూపు రాశారు, మీది రాశారు, అమ్మాయిది రాశారు. మూడు వ్యాసాలు పంపిన మరిదిది రాయలేదు.

ఆయన్ని తప్పుపట్టడం లేదు. ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా పనిచేసిన కాలంలో ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను. అన్న మీద ప్రేమ ఉంటుంది, కత్తి అంటే భయం ఉంటుంది. అడిగితే కాదనలేరు, అడగకముందే ముందుకు రాలేరు. ఆ మధ్యలో వ్యాసాలు చదువుతారు. మన దేశంలో బతికుండి కాలేయం ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, పుచ్చుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. భార్యను, తల్లిని, కూతురిని ఎవరూ అడగనక్కరలేదు, వాళ్ల వంతు దానంతట అదే వచ్చేస్తుంది. మీ ఇంట్లోనూ అదే జరిగింది. మీరు అయ్యారు, తర్వాత అమ్మాయి. ఇద్దరికీ కుదరదనేసరికి వంతు పందికి వెళ్లింది.

అవయవ మార్పిడి చట్టం ప్రకారం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు దగ్గరి బంధువులే. మీ వారికి ఇంకా తోబుట్టువులు ఉంటే వాళ్లు కూడా. బి గానీ ఓ గానీ అయి, ఆరోగ్యంగా ఉంటే పరీక్షలకు వెళ్లవచ్చు. కాలేయానికి పాజిటివ్, నెగెటివ్ తేడా పట్టింపు లేదు. అయితే మీరు స్వయంగా అడగకండి. ఆసుపత్రి కోఆర్డినేటర్‌తో చెప్పి కుటుంబసభ్యులందరినీ ఒకసారి కూర్చోబెట్టమనండి. ఇవ్వగలిగినవాళ్లు ఎవరెవరో డాక్టరే అందరి ముందూ చెబుతారు, తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. విడిగా ఉన్నప్పుడు ఎవరైనా నాకు ఇష్టం లేదంటే, వైద్యపరంగా కుదరలేదని మాత్రమే ఇంట్లో చెప్పే పద్ధతి మంచి కేంద్రాల్లో ఉంది. మరిదికి ఆ తలుపు తెరిచి ఉందని తెలిస్తే లోపలికి రావడానికి కూడా ధైర్యం వస్తుంది.

అమ్మాయి సంగతి. 22 ఏళ్ల పిల్ల, చట్టం దృష్టిలో నిర్ణయం ఆమెదే. తండ్రి వద్దనడం కూడా ప్రేమే. కానీ పెళ్లి కావలసిన పిల్ల అనే వాదన వినగానే నాకు ఒళ్లు మండుతుంది, దాచుకోను. పొట్ట మీద గీత చూసి వెనక్కి పోయే సంబంధం పోతేనే మంచిది. ఆలోచించవలసిన విషయాలు వేరే ఉన్నాయి. పెద్దవాళ్లకు మామూలుగా కుడి భాగం, అంటే కాలేయంలో అరవై శాతం దాకా తీస్తారు. మిగిలినది రెండు మూడు నెలల్లో చాలావరకు పెరుగుతుంది. వారం, పది రోజులు ఆసుపత్రిలో, తర్వాత కొన్ని వారాలు ఇంట్లో. దాత ప్రాణానికే ముప్పు రావడం అరుదు, రెండు వందల నుంచి ఐదు వందల మందిలో ఒకరికి అని లెక్క. అరుదైనా సున్నా కాదు, ఈ మాట ఆమెకు దాచకుండా చెప్పాలి. పైత్యరసం కారడం, గాయం దగ్గర హెర్నియా వంటి ఇబ్బందులు అంతకన్నా ఎక్కువ. పిల్లలు కనడానికి అడ్డు లేదు, ఏడాది ఆగమని సాధారణంగా చెబుతారు. దాత స్త్రీ అయితే ఆమె సమ్మతి స్వతంత్రమైనదో కాదో అవయవం పుచ్చుకునే వ్యక్తి కాకుండా వేరొకరు నిర్ధారించాలని ఆ చట్టం కింద వచ్చిన 2014 నిబంధనల్లోనే ఉంది. మీరూ ఆయనా గదిలో లేకుండా ఆమెను డాక్టరుతో మాట్లాడనివ్వండి. ఇస్తానన్న పిల్లను ఆపడం, వద్దనుకున్న పిల్లను తోయడం రెండూ ఒకటే.

మీ విషయం కూడా ముగిసిపోలేదు. కొవ్వు కారణంగా పక్కన పెట్టిన దాతలు కొందరు రెండు మూడు నెలలు ఆహారం కట్టుదిట్టం చేసుకుని, బరువు తగ్గి, మళ్లీ పరీక్షలో నెగ్గుతారు. ఎంత శాతం కొవ్వు ఉందో, ఎంత బరువు తగ్గాలో రాయించుకోండి. ఎవరి గ్రూపూ కలవకపోతే, మరో కుటుంబంతో దాతలను మార్చుకునే స్వాప్ పద్ధతికి 2011 సవరణతో చట్టబద్ధత వచ్చింది.

జాబితా మీద ఆశ వదలకండి, దాని మీదే భారం వేయకండి. 2008లో హితేంద్రన్ అనే కుర్రవాడి తల్లిదండ్రులు, ఇద్దరూ వైద్యులే, అతని అవయవాలు దానం చేసినప్పటి నుంచి ఈ ఊరు అవయవదానంలో దేశానికి దారి చూపింది. అయినా అవసరం ముందు దొరికేవి తక్కువే. రక్తపరీక్షల అంకెలు మారినప్పుడల్లా మీ ఆసుపత్రి వాటిని జాబితాలో నమోదు చేస్తోందో లేదో కనుక్కుంటూ ఉండండి. ఆధార్ నెల్లూరు చిరునామాతో ఉంటే జాబితాలో మీ వారి వరుస మీద దాని ప్రభావం ఏమైనా ఉంటుందేమో కూడా ఇప్పుడే అడగండి. ఖర్చు గురించి మీరు రాయలేదు, అయినా చెబుతాను: ఈ ఊళ్లో ప్రభుత్వ స్టాన్లీ ఆసుపత్రిలోనూ కాలేయ మార్పిడి చేస్తారు.

చివరగా వంటింటి సంగతులు. కాలేయం జబ్బు అనగానే మన ఇళ్లలో పప్పు, గుడ్డు ఆపేసి గంజి పోస్తారు. అలా చేయకండి, కండ కరిగిపోతే ఆపరేషన్‌కు తట్టుకోలేరు. ప్రొటీన్ కావాలి, పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినాలి. ఆవకాయ, అప్పడం, వడియం, ఉప్పుచేప మాత్రం పక్కన పెట్టండి, పొట్టలో నీరు పెరుగుతుంది. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి అసలు వద్దు. ఎవరో చెప్పారని తిప్పతీగ కషాయం పట్టకండి, దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశంలోనే వైద్యులు నమోదు చేశారు. లాక్టులోజ్ సిరప్ రాసి ఉంటే రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా మోతాదు సరిచూసుకోవాలి. విరేచనాలవుతున్నాయని మందు పూర్తిగా మానేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. పగలు మగతగా పడుకుని రాత్రంతా మేలుకుంటున్నా, తెలిసిన పేర్లు తడబడుతున్నా, చేతులు చాచినప్పుడు మణికట్లు కొట్టుకుంటున్నా, నిద్ర చాలలేదని సర్దిచెప్పుకోకుండా అదే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లండి.